గ్రాండ్ ఒపెరా: కాన్సర్ట్ హాల్లోనా, ఒపెరా హౌస్‌లోనా?

"అంత బాగా వినిపించే హాలు ఉండగా ఒపెరాను కూడా అందులోనే వేయొచ్చుగా?" ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. వేయొచ్చు. ఎలా వేస్తారన్నదే పేచీ.

అందరూ ముందు సెట్టింగుల సంగతే ఎత్తుతారు. పైకి లాగే తెరలు లేవు, పక్కల చోటు లేదు, వెర్డి ఒపెరా 'ఐదా'లో విజయయాత్రకు అంతమందిని ఎక్కడ నిలబెడతారు అని. అవీ నిజమే. నాకు మాత్రం అసలు తేడా ఆర్కెస్ట్రా ఎక్కడ కూర్చుంటుందన్న దగ్గరే ఉంది.

ఒపెరా హౌస్‌లో వాద్యాలు వేదిక ముందు, పిట్‌లో, అంటే ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలో ఉంటాయి. గొంతు వాటి మీదుగా నేరుగా మన దాకా వస్తుంది. జర్మనీలోని బైరాయిట్‌లో తన ఒపెరాల కోసం కట్టించిన థియేటర్లో (1876) స్వరకర్త వాగ్నర్ ఇంకా ముందుకెళ్లి పిట్‌ను వేదిక కిందికంటా దించి, పైన కప్పు పెట్టించాడు. బ్రాస్ (ట్రోంబోన్ల వంటి ఇత్తడి వాద్యాలు) ఎంత గట్టిగా ఊదినా ఆ శబ్దం ముందు వేదిక వైపు మళ్లి, గాయకుల గొంతుతో కలిశాకే బయటికొస్తుంది. కాన్సర్ట్ హాల్లో అదే ఆర్కెస్ట్రా గాయని వెనకే ఉంటుంది. ట్రోంబోన్లు అందుకున్నాయంటే చాలాసార్లు ఆమె నోరు కదలడమే మనకు మిగిలేది.

దానికి తోడు మోత, అంటే పాట ఆగాక కూడా హాల్లో కాసేపు మిగిలే శబ్దం. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్లో (1870) జనం నిండా ఉన్నా అది ఆరడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. మిలాన్ లా స్కాలాలో సుమారు 1.2. సింఫనీకి ఆ 2 సెకన్లే అందం. గబగబా సాగే ఇటాలియన్ సంభాషణకైతే ఒక అక్షరం ఆరకముందే ఇంకోటి వచ్చి మీద పడుతుంది. పోనీ భారీ సెట్టు వేద్దామా అంటే ఆ గుడ్డలూ తెరలూ శబ్దాన్ని పీల్చేస్తాయి. ఏ మోత కోసం ఆ హాలుకు వచ్చామో అదే పోతుంది.

సిడ్నీలో ఈ తకరారు ముందే తేలింది. ఒపెరా హౌస్ పెద్ద హాలును మొదట రెండింటికీ అనుకున్నారు. 1960ల్లో మనసు మార్చుకుని, బిగించిన వేదిక యంత్రాలను కూడా పీకేసి, దాన్ని కచేరీలకే ఇచ్చేశారు. ఒపెరా చిన్న హాలుకు పోయింది. పేరేమో ఒపెరా హౌస్!

అందుకే హాల్లో వేస్తే సెమీ-స్టేజింగే, అంటే భారీ సెట్లు లేకుండా సగం నాటకంగా వేయడమే నాకిష్టం. 2004లో లాస్ ఏంజెలెస్ డిస్నీ కాన్సర్ట్ హాల్లో వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టన్'ను రోజుకో అంకం చొప్పున, సెట్టుకు బదులు వీడియో కళాకారుడు బిల్ వయోలా వీడియోతో వేశారు. నిదానంగా సాగే ఆ సంగీతానికి హాలు మోత బరువు కాదు, ఆసరా. కథ పెద్ద తెర మీద నడుస్తుంటే, మామూలుగా గుంటలో దాగి ఉండే ఆర్కెస్ట్రా కళ్లెదుటే ఉంటుంది.

కాగితం పట్టుకుని నిలబడి పాడే పద్ధతీ ఉంది, అరుదైన రచనలకు పనికొస్తుంది. ఇక మైకులా? అలాగైతే అంత మంచి హాలెందుకు.

'ఐదా' అయితే ఒపెరా హౌస్‌కే వెళ్లండి. హాల్లో 'ట్రిస్టన్' అయితే వేదిక వెనక సీట్లు మాత్రం, చవకగా వస్తున్నా, తీసుకోకండి. గాయని మీకు వీపు పెట్టి పాడుతుంది, హల్లులన్నీ ముందువాళ్లకే పోతాయి.