అన్నానికి ఏది మేలు? వార్చే గిన్నె, విజిల్ కుక్కర్, కరెంటు కుక్కర్

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. తెనాలిలో ఒక్కతే ఉంటోంది. పోయిన వేసవిలో స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ పెట్టి, పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ ఆ సంగతే మరిచిపోయింది. నీళ్ళన్నీ ఇగిరిపోయి సేఫ్టీ వాల్వ్ కరిగిపోయింది. వంటగది నిండా పొగ. అమ్మకు ఏమీ కాలేదు కానీ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కరెంటు కుక్కర్ కొంటానంటే, "కరెంటు అన్నానికి రుచేముంటుందే, గిన్నెలో వార్చుకుంటాలే" అంది. అలా మొదలైంది ఇంట్లో ఈ లెక్క.

వార్చిన అన్నం పొడిపొడిగా ఉంటుంది, కాదనను. నీళ్ళు కాస్త ఎక్కువ తక్కువైనా ఇబ్బంది లేదు, మెతుకు పట్టి చూసుకుని దించేయొచ్చు. పాత బియ్యమో కొత్త బియ్యమో తెలియనప్పుడు ఇదే మంచి పద్ధతి. కానీ గంజితో పాటు బి విటమిన్లు కొంత పోతాయి. అంతకంటే నాకు భయం, మరుగుతున్న గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని సిబ్బి అడ్డం పెట్టి వంచే ఆ అర నిమిషం. మణికట్టులో పట్టు తగ్గినవాళ్ళు చేయాల్సిన పని కాదది. అమ్మ విషయంలో దీన్ని మొదటే పక్కన పెట్టాను.

ప్రెషర్ కుక్కర్‌కు సాటి లేనిది వేగంలో. లోపల ఆవిరి ఒత్తిడి వల్ల వేడి దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తుంది, అందుకే కందిపప్పు అంత తొందరగా మెత్తబడుతుంది. ఐఎస్ఐ మార్కు ఉన్నదే కొనాలి. బియ్యమైనా పప్పైనా నీళ్ళతో కలిపి సగానికి మించి నింపకూడదు. మూత పెట్టే ముందు వెయిట్ పెట్టే గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి, పప్పు పొట్టు ఒక్కటి అడ్డుపడినా ఆవిరికి దారి ఉండదు. ఇవన్నీ చూసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది: మంట తనంతట తాను ఆరదు. పక్కన మనిషి ఉండి తీరాలి.

కరెంటు కుక్కర్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. ఇది చేసేది మనవాళ్ళ అత్తెసరు అన్నమే, వార్చే పని లేకుండా కొలిచి పోసిన నీళ్ళలో ఉడికేది. గిన్నెలో నీరున్నంత సేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం ఆ నీళ్ళన్నీ పీల్చుకోగానే అడుగు వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద ఉండే గుండ్రటి బిళ్ళ ఆ వేడిని పసిగడుతుంది. అందులోని అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్విచ్ టక్కుమని పైకి లేస్తుంది. 1955లో జపాన్‌లో తోషిబా కంపెనీ తనంతట ఆగే కుక్కర్‌ను అమ్మకానికి తెచ్చింది. కుక్కర్ల మీద కనబడే 1.8 లీటర్లు అనే వింత లెక్క కూడా అక్కడిదే, జపాన్‌లో బియ్యం కొలిచే 180 మిల్లీలీటర్ల కొలతలు పది. కొనేటప్పుడు ఈ లీటర్ల కంటే, ఎన్ని కిలోల బియ్యం ఉడుకుతాయని డబ్బా మీద రాశారో చూడండి. ఇద్దరు ముగ్గురికి చిన్నది చాలు.

ఆ బిళ్ళ గిన్నె అడుగుకు సరిగ్గా ఆనకపోతే ఇదంతా వృథా. ఒకసారి మా ఇంట్లో అన్నం ఒకవైపు పలుకుగా, ఇంకోవైపు మాడి వచ్చింది. గిన్నె ఎత్తి చూస్తే ప్లేటు మీద ఒక్క బియ్యపు గింజ, నల్లగా మాడి అతుక్కుపోయి ఉంది. అప్పటినుంచి గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి, ప్లేటును వేలితో తడిమి, గిన్నె పెట్టాక ఒకసారి అటూ ఇటూ తిప్పుతాను. తుడవడం, తడమడం ప్లగ్ పెట్టకముందే, ప్లేటు చల్లగా ఉన్నప్పుడే. గిన్నె పెట్టకుండానే బియ్యం, నీళ్ళు బాడీలో పోసేసే పొరపాటు తెల్లవారుజామున ఎవరికైనా జరగొచ్చు. అలా జరిగితే ప్లగ్ జోలికి పోకుండా మెయిన్ ఆపండి.

షాక్ సంగతి ఇంకా ముఖ్యం. పాత అద్దె ఇంట్లో కుక్కర్ అంచు తగిలితే వేళ్ళు జివ్వుమనేవి. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి చూస్తే ఎర్త్ రంధ్రం వెనక వైరే లేదు! 700 వాట్ల కుక్కర్ తీసుకునేది మూడు ఆంపియర్లే, మామూలు సాకెట్ చాలు, కానీ ఎర్త్ ఉండాలి. మూడో పిన్ను విరగ్గొట్టడం, నాసిరకం ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడటం వద్దు. బాడీని కుళాయి కింద పెట్టకండి. స్విచ్ పైకి లేచాక బలవంతంగా నొక్కి పట్టకండి. ఆవిరి పైకి కొడుతుంది కాబట్టి అలమర కింద పెట్టొద్దు, మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి.

స్విచ్‌లున్నదా, బటన్లు, తెర ఉన్న డిజిటల్‌దా అంటే అమ్మలాంటివాళ్ళకు నా ఓటు ఒక్క స్విచ్ ఉన్నదానికే. నొక్కితే వంట, లేస్తే అయిపోయినట్టు. రిపేరు కూడా తేలిక.

రుచి మాటకొస్తే తేడా నీళ్ళలో ఉంది. అమ్మ వాడేది బాపట్ల పరిశోధన స్థానంలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసులకు కాస్త పైన, కొత్తదైతే గ్లాసున్నరతో మొదలుపెట్టి చూసుకోవాలి. స్విచ్ లేచాక పది నిమిషాలు మూత తీయకుండా మగ్గనిస్తే పొడిగా విడుతుంది. అన్నం మిగిలితే ప్లగ్ తీసేసి కుక్కర్‌లోనే రాత్రంతా వదిలేయకండి. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చటి అన్నంలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడి చేసినా అది పోదు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడమే మంచిది.

చివరికి అమ్మకు చిన్న కరెంటు కుక్కర్ కొన్నాను, ముందుగా సాకెట్‌కు ఎర్త్ వైరు వేయించి. ప్రెషర్ కుక్కర్‌ను పారేయలేదు. నేను వెళ్ళినప్పుడు, పక్కన నిలబడి పప్పు ఉడికించడానికి అది అటక మీదే ఉంది.