ఓరుగల్లులో హార్ప్ కచేరి: ఎక్కడ వినాలి, ఎక్కడ దిగాలి

హార్ప్ అంటే నిలువుగా నిలబెట్టి రెండు చేతుల వేళ్లతో మీటే పాశ్చాత్య తీగ వాయిద్యం. కచేరి హార్ప్ ఆరడుగుల పైన ఎత్తు ఉంటుంది, బరువు 40 కిలోలకు కాస్త అటూ ఇటూ. 47 తీగలు. ఇంత మనిషైనా గొంతు మాత్రం చిన్నది. మీటగానే మోగి, అంతలోనే ఆరిపోతుంది. పక్కన కూర్చున్న రెండు వయొలిన్లు, వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), చెల్లో (కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్దది) మాత్రం కమాను ఆడినంతసేపూ స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. ఆరిపోయే శబ్దం, ఆగని శబ్దం ఒకదాన్నొకటి అల్లుకోవడమే ఈ సంగీతంలో అందం. హాలు సరిగా లేకపోతే ఆ అల్లిక వినపడదు, హార్ప్ చూడ్డానికి మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఇలాంటి కచేరి కోసం వరంగల్ వెళ్లేవాళ్లు హోటల్ రూం కన్నా ముందు హాలు ఎలాంటిదో కనుక్కోవాలి.

కచేరీలు ఎక్కువగా జరిగేది హన్మకొండ వైపే. 2024 నవంబరులో తెరుచుకున్న కాళోజీ కళాక్షేత్రం బాలసముద్రంలో ఉంది. నాటకానికీ, నృత్యానికీ, పెద్ద సభలకూ తగిన భవనం. అయితే ఐదుగురు వాయించే కచేరికి ఏ ఊళ్లోనైనా పెద్ద హాలు పెద్ద హాలే. అక్కడ టికెట్ తీసుకుంటే ముందు వరుసలు దొరికినప్పుడే తీసుకోండి. స్టేజీకి మరీ ఆనుకుని కూర్చుంటే చెల్లో ఒక్కటే చెవుల్లో నిండుతుంది. నాలుగో వరుస నుంచి పదో వరుస దాకా, మధ్యకు దగ్గరగా ఉన్న సీట్లు మంచివి. బాల్కనీ దొరికితే వదులుకోవద్దు. శబ్దం పైకి బాగానే చేరుతుంది, పైగా హార్ప్ వాయించే చేతులు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఆరుబయలు వేదిక. ఒగ్గుకథకైనా, పేరిణికైనా, కవి సమ్మేళనానికైనా భేషైన చోటు. మిమిక్రీకి పెట్టింది పేరైన మనిషి పేరు మీద ఉన్న వేదిక, అక్కడ మైకు లేకుండా ఏం నడుస్తుంది? హార్ప్‌కు కావాల్సింది మాత్రం వెనక గోడ, పైన కప్పు. అవి లేకపోతే శబ్దం ఆకాశంలోకి పోతుంది తప్ప తిరిగి చెవికి రాదు. ఆరుబయట పెడుతున్నారంటే మైకు మీదే ఆధారపడ్డారని అర్థం.

కాలేజీల సెమినార్ హాళ్లను చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ, ఈ సంగీతానికి అన్నింటికన్నా అవే నయం. 150 నుంచి 250 సీట్లు, చెక్క వేదిక, మెత్తటి కుర్చీలు ఉంటే చాలు, మైకు అవసరం ఉండదు. ఛేంబర్ మ్యూజిక్ అన్న పేరే గదిలో వాయించుకునే సంగీతం అని. అన్నింటికన్నా అధ్వానం ఫంక్షన్ హాలు. నేలంతా టైల్స్, గోడలు నున్నగా, వెనక వంటశాలలో గిన్నెల చప్పుడు, కరెంటు పోతే గోడ పక్కనే జనరేటర్. ఖాళీగా ఉన్నప్పుడు హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టి చూడండి. ఆ మోత ఒకటిన్నర సెకండ్లలో అణిగిపోతే మంచి హాలు. రెండు సెకండ్లు దాటి మోగుతూనే ఉంటే హార్ప్ స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. జనం నిండాక మోత కొంత తగ్గుతుంది, కొంతే.

కచేరి ఏడు గంటలకైతే ఐదున్నరకే వెళ్లి, అనుమతి ఉంటే లోపల కూర్చోండి. చూడాల్సింది అప్పుడే ఉంటుంది. హార్ప్ పై భాగంలో ఉన్న బిరడలకు తాళంచెవి లాంటి చిన్న కీ తగిలించి, ఒక్కొక్క తీగనూ శ్రుతి చేస్తూ పోతారు. 47 తీగలకు అరగంట తక్కువ కాదు. 'స' తీగలన్నీ ఎర్రగా, 'మ' తీగలన్నీ నల్లగా ఉంటాయి (వాళ్ల లెక్కలో 'సి', 'ఎఫ్'). ఆ రంగులు లేకపోతే ఏ తీగ ఏదో వాయించేవాళ్లకే తెలియదు. కింది తీగలు లోహం చుట్టినవి, నడిమివి ఎక్కువగా పేగు తీగలు, పైవి నైలాన్. ఇబ్బంది అంతా పేగు తీగలతోనే. గాలిలో తేమ పెరిగితే ఉబ్బి బిగుసుకుంటాయి, శ్రుతి తప్పుతాయి, ఒక్కోసారి 'టప్' మని తెగుతాయి. తెగితే కొత్తది వేయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ కొత్త తీగ సాగుతూ ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రమంతా పాట పాటకూ దాన్ని సవరించుకోవాల్సిందే. మధ్యలో కచేరి ఆగితే విసుక్కోకండి.

తీగలన్నింటి లాగుడు కలిపి టన్నుకు దగ్గర పడుతుంది. అందుకే ఏసీ గాలి నేరుగా తగిలే చోట, హాలోజన్ దీపాల కింద హార్ప్ పెట్టకూడదు. బయట ఉక్కపోత, లోపల చలి అయితే వాయిద్యాన్ని కనీసం రెండు మూడు గంటలు హాల్లో ఉంచి, ఆ తర్వాతే శ్రుతి చేయాలి. మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కరెంటు ఆదా అని జనం వచ్చాక ఏసీ వేస్తారు. పది నిమిషాల్లో శ్రుతి మొత్తం జారిపోతుంది. శ్రుతి చేసేటప్పుడు ఎంత చల్లదనం ఉందో కచేరి అయ్యేదాకా అంతే ఉండాలి. ఇక ఫ్యాన్లు వేస్తే నొటేషన్ కాగితాలు ఎగిరిపోతాయి.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఒక మాట. హార్ప్ కింద ఏడు పెడళ్లు ఉంటాయి, స్వరానికొకటి. ఒక్కో పెడల్‌కు మూడు మెట్లు. పైన ఉంటే కోమలం, మధ్యలో మామూలు, కిందికి తొక్కితే తీవ్రం. 'రి' పెడల్ తొక్కితే అన్ని స్థాయిల్లోని రిషభాలూ ఒకేసారి మారిపోతాయి. ఈ ఏర్పాటుకు పారిస్‌కు చెందిన వాయిద్యాల తయారీదారు ఎరార్ 1810లో పేటెంట్ తీసుకున్నాడు. మెల్లగా నడిచే పాటలోనూ వాయించేవారి పాదాలు ఊరికే ఉండవు, గమనించండి. పెడల్ గాడిలో సరిగా కూర్చోకపోతే తీగ జుయ్ మంటుంది. అది వాయిద్యం పాడై కాదు, కాలు తడబడి. వీణలాగా తీగ లాగి గమకం పలికించడం దీని మీద కుదరదు, దాని కోసం ఎదురుచూస్తే నిరాశే. కచేరిలో గమకానికి దగ్గరగా వచ్చేది వయొలిన్, చెల్లో.

కార్యక్రమం కాగితం చూస్తే వేదిక మీద ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. ఫ్రెంచి స్వరకర్త దెబ్యుస్సీ 1904లో హార్ప్‌కూ తీగ వాయిద్యాలకూ రాసిన రెండు నృత్యాలుంటే పది నిమిషాల పని. మరో ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1905 నాటి రచన ఉంటే తీగ వాయిద్యాలు నాలుగింటికి ఫ్లూట్, క్లారినెట్ తోడవుతాయి. అదే దేశపు సాఁ-సాన్స్ 1907లో రాసినదానికి వయొలిన్, హార్ప్ రెండే చాలు. చిన్న హాలైతే నా ఓటు దానికే. రచనలో భాగాలుంటే మధ్యలో చప్పట్లు కొట్టరు, వాయించేవాళ్లు చేతులు పూర్తిగా దించేదాకా ఆగాలి. తొడ మీద తాళం వేసే అలవాటున్నవాళ్లు ఆ గంటన్నర చేతులు కట్టుకోవాలి. నిశ్శబ్దంలో ఆ చప్పుడు హార్ప్‌తో సమానంగా వినిపిస్తుంది.

పెట్టేవాళ్లకు కొన్ని మాటలు. వాయిద్యం రైల్లో వచ్చే సరుకు కాదు. వెనక సీట్లు పూర్తిగా మడిచే పెద్ద బండిలో, రెండు మీటర్ల పొడవు చూసుకుని, కింద మందపాటి బొంత వేసి పక్కకు పడుకోబెట్టి తేవాలి. దింపడానికి ఇద్దరుండాలి, వారిలో ఒకరు వాయించేవారో వారి మనిషో అయి ఉండాలి. పట్టుకోవాల్సిన చోటు తెలియక పై మెడ పట్టి లాగేస్తే అక్కడే ఖర్చు మొదలు. వేదికకు మెట్లే ఉంటే ర్యాంపు ముందే అడగండి. మందపాటి తివాచీ పరిచి అలంకరిస్తే హార్ప్ ఊగుతుంది, గట్టి చదును నేలే కావాలి. కుర్చీలకు చేతులు ఉండొద్దు, చెల్లోకూ వయొలిన్‌కూ మోచేతులు తగులుతాయి. ఐదుగురికి నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు సరిపోతుంది.

మైకు తప్పనిసరైతే సౌండ్ సిస్టం కుర్రాళ్లతో మధ్యాహ్నమే మాట్లాడుకోవాలి. పెళ్లిళ్లకు కట్టే సెట్లో ఎకో, బాస్ ముందే పెంచి ఉంటాయి. రెండూ పూర్తిగా తీసేయమనాలి. హార్ప్ సౌండ్‌బోర్డుకు (తీగలు బిగించిన చెక్క పలకకు) రెండు మూడడుగుల దూరంలో ఒక కండెన్సర్ మైకు, మిగిలిన నలుగురికీ కలిపి ఒక జత చాలు. మానిటర్ స్పీకర్ (వాయించేవాళ్లకు వినిపించడానికి వేదిక మీద పెట్టేది) హార్ప్ వైపు తిప్పితే ఆ ఖాళీ డొల్ల అంతా కూత పెడుతుంది.

ఇక రావడం, దిగడం. రైల్లో వచ్చేవాళ్లు హన్మకొండ కచేరికి కాజీపేటలో దిగినా వరంగల్‌లో దిగినా దూరం ఇంచుమించు ఒకటే. హైదరాబాద్ వైపు నుంచి వస్తే కాజీపేటే ముందు వస్తుంది, దిగి ఆటో ఎక్కేయండి. రోడ్డు మీద ఉప్పల్ నుంచి మూడు గంటలు వేసుకోండి. కచేరి అయ్యాక అదే రాత్రి తిరిగి వెళ్లేవాళ్లకు రైలు కన్నా హన్మకొండ బస్టాండు నమ్మకం. రాత్రి ఉండేటట్లయితే నక్కలగుట్ట, సుబేదారి వైపు చూసుకోండి. కాజీపేట రోడ్డు మీద టూరిజం వాళ్ల హరిత కాకతీయ ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు హోటళ్లు చాలానే ఉన్నాయి. రూం తీసుకునే ముందు అడగాల్సింది ఒక్కటే, కింద బాంకెట్ హాల్లో ఆ రాత్రి పెళ్లి ఉందా అని. ఉంటే వెనకవైపు రూం అడగండి, లేకపోతే చెవిలో మిగిలిన హార్ప్‌ను బ్యాండు మింగేస్తుంది. వాయించేవాళ్లకు రూం చూసేటప్పుడు లిఫ్టు లేని చోటు వద్దు. చెల్లో పెట్టెతో మూడంతస్తులు ఎక్కించి, సాయంత్రం అదే చేత్తో కమాను పట్టమనడం న్యాయం కాదు.

నెలలు ఎంచుకునే వీలుంటే నవంబరు, డిసెంబరు. వానాకాలం పేగు తీగలకు శత్రువు, మే నెల మనుషులకే శత్రువు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊరంతా పాటే. అప్పుడు హన్మకొండ రావాలి గానీ హార్ప్ కోసం కాదు. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర రోజుల్లో హోటళ్లు దొరకవు, ములుగు రోడ్డు కదలదు. 2024, 2026లో జరిగింది, ఆ లెక్కన చూసుకోండి.

కచేరి మర్నాడు ఖాళీ ఉంటే రామప్ప వెళ్లి రండి. హన్మకొండ నుంచి 70 కిలోమీటర్ల లోపే. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పాలంపేట వైపు తిరగాలి. బస్సులు మార్చుకుంటూ పోతే సగం రోజు దారిలోనే పోతుంది, నలుగురుంటే కారు మాట్లాడుకోవడం మేలు. గుడి 1213 నాటిది, యునెస్కో జాబితాలో చేరింది 2021లో. స్తంభాల మీద నర్తకులు, మద్దెలవాళ్లు కిక్కిరిసి ఉంటారు. హార్ప్ కోసం వెతికితే దొరకదు. మన దగ్గర 'వీణ' అంటే ఒకప్పుడు విల్లులా వంగిన, హార్ప్ జాతి వాయిద్యమే. అమరావతి శిల్పాల్లోనూ, 4వ శతాబ్దపు సముద్రగుప్తుడి నాణేల మీదా అది కనిపిస్తుంది. కాకతీయుల నాటికి కనుమరుగైంది. గర్భగుడి దగ్గర తడితే స్వరాలు పలికే శిల్పం ఉందని చూపిస్తారు. చూసి ఊరుకోండి, మనలాంటివాళ్లు 800 ఏళ్లుగా తడుతూనే ఉన్నారు.

రామప్ప చెరువు గుడికి కిలోమీటరు దూరంలోనే, నడిచి పోవచ్చు. భోజనం ములుగులో కానీ తిరిగి హన్మకొండలో కానీ చేస్తే సుఖం. సర్వపిండి దొరికితే వేడిది అడగండి, చల్లారితే రాయే. సాయంత్రం కూడా కచేరి ఉంటే రామప్ప నుంచి రెండింటికల్లా బయల్దేరాలి. హన్మకొండ చౌరస్తాలో ఐదు దాటితే ఆటో కూడా నడిచే పోతుంది.