రొయ్యల గుంట మోటారుకు గరాటా: ఆరు నెలలు వాడాక

ముందే చెప్తున్నా, ఇది మోటారు రివ్యూ కాదు. సక్షన్ పైపు, అంటే మోటారు నీళ్లు లాగే పైపు, చివర నీళ్లలో పడి ఉండే మూతి గురించి. బెల్ మౌత్ అంటారు, మా లేత్ షాపాయన మాత్రం గరాటా అనే అంటాడు. నెల్లూరు ఆటోనగర్‌లో 4,800 పెట్టి చేయించుకున్నా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా, ఒకటి ఎందుకు కోశానో కింద ఉంది.

మాది విడవలూరు వైపు, ఆరెకరాల వనామీ రొయ్యల సాగు. క్రీకు (సముద్రపు పాయ) నీళ్లు నేరుగా సాగు గుంటల్లోకి వదలం. ముందు ఎకరం రిజర్వాయర్ గుంటలోకి తోడి, బ్లీచింగ్ కొట్టి, కొన్నాళ్లు నిలవబెట్టి అప్పుడు ఎక్కిస్తాం. ఈ ఎక్కించే దగ్గరే నా తలనొప్పంతా. గుంట నిండుగా ఉన్నంతసేపు మోటారు చక్కగా నడుస్తుంది. నీళ్లు దిగేకొద్దీ పైపు పక్కన ముందు వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట పడుతుంది, అది మెల్లగా తిరగడం మొదలెడుతుంది, చుట్టూ ఉన్న నాచు ముక్కలన్నీ అటే పరిగెడతాయి, ఇంకాసేపటికి మధ్యలో పెన్సిల్ లావు బొక్క కిందికంటా దిగి గుర్రుగుర్రుమని గాలి లాగేస్తుంది. పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు చప్పుడు. డెలివరీ పైపులో నీళ్లు తుంపులు తుంపులుగా వచ్చి ఆగిపోతాయి. రాత్రి రెండింటికి కాపలా కుర్రాడి ఫోను: "అన్నా, సుడి తిరగతా ఉండాది, మోటారు కట్టేసేదా?" మళ్లీ ప్రైమింగ్ (గాలి పోయేలా పంపులో నీళ్లు నింపడం), మళ్లీ టెన్షన్.

చిన్నప్పుడు చెరువు తూము ఎత్తినప్పుడు పైన తిరిగేది కూడా ఈ సుడే. "ఆడికి పోబాకరా, లాగేస్తాది" అని మా తాత కర్ర పట్టుకుని కాపలా ఉండేవాడు.

మొదట నేను పోయింది ఒక పంపుల షాపుకి, పేరు ఎందుకులెండి. మోటారు చాలట్లేదు, ఐదు హెచ్‌పీ తీసేసి ఏడున్నర వెయ్యమన్నాడు. వేశా. పైపు పాతదే, మూడంగుళాలది. సుడి ఇంకా ముందే మొదలైంది! అవదా మరి, అదే మూతిలోంచి ఎక్కువ నీళ్లు పోవాలంటే ఇంకా వేగంగా లాగాలి, ఎంత వేగంగా లాగితే పైన అంత లోతు నీళ్లుండాలి. ఇంత చిన్న ముక్క ఆ షాపులో ఎవరూ చెప్పలేదు. తిట్టుకుంటూ పాత మోటారే మళ్లీ బిగించా.

ఆ తర్వాత మా బావమరిది కొడుకు, సివిల్ చదువుతున్నాడు, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఐదు హెచ్‌పీ మోటారుతో 200 లీటర్ల డ్రమ్ము 17 సెకన్లలో నిండుతోంది, అంటే సెకనుకు దాదాపు 12 లీటర్లు. మూడంగుళాల మూతి దగ్గర వేగం సెకనుకు 2.6 మీటర్లు. 1970లో గోర్డన్ అనే ఇంజనీరు జలవిద్యుత్ కేంద్రాల ఇన్‌టేక్‌లు (నీళ్లు లోపలికి పోయే మూతులు) చూసి ఒక సూత్రం ఇచ్చాడట: వేగాన్ని మూతి వ్యాసం వర్గమూలంతో గుణించి, నీళ్లు తిన్నగా వస్తుంటే 0.54తో, ఒక పక్క నుంచి వస్తుంటే 0.72తో మళ్లీ గుణిస్తే మూతి పైన ఉండాల్సిన లోతు మీటర్లలో వస్తుంది. నా పైపు కట్టకి ఆనుకుని మూలలో ఉంది, నీళ్లన్నీ ఒక వైపు నుంచే రావాలి. లెక్క ప్రకారం 52 సెంటీమీటర్లు. కర్ర పెట్టి కొలిస్తే అడుగున్నర దగ్గర సుడి పడుతోంది. పెద్ద టర్బైన్ల సూత్రం నా గుంటకి ఇంత దగ్గరగా వస్తుందని నేనైతే అనుకోలేదు. పెద్ద డ్యాముల్లో నీళ్లు కనీస మట్టానికి దిగినా సుడి గాలి లాగనంత లోతులో ఇన్‌టేక్ మూతి పెడతారు. 78 టీఎంసీల సోమశిలకైనా ఎకరం గుంటకైనా సంగతి ఇదే, కాకపోతే మనం కట్ట పక్కన ఎక్కడ వీలైతే అక్కడ పైపు పడేస్తాం.

అన్నట్టు, భూమి తిరగడం వల్లే సుడి ఒకే వైపు తిరుగుతుందని వాట్సాప్‌లో తిప్పుతుంటారు కదా, నమ్మకండి. ఇంత చిన్న సుడికి ఆ ప్రభావం లెక్కలోకే రాదు. పైపు అవతలి మూలకి మార్చి చూశా, సుడి ఎదురు తిరిగింది.

ఇక గరాటా. కింద నోరు ఆరంగుళాలు, పైన మూడంగుళాలకి సన్నబడి ఫుట్‌వాల్వుకి, అంటే పైపులో నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వుకి, బిగుసుకుంటుంది. నోరు రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లు, లాగే వేగం నాలుగో వంతు. లోపల ప్లస్ గుర్తులా అడ్డ పట్టీలు వేశాడు, నీళ్లు తిరక్కుండా. కింద మూడు కాళ్లు, నోటికీ నేలకీ మూడంగుళాల ఎడం. మరీ ఆనిస్తే అడుగు బురదంతా లాగుతుంది. పైపు కూడా మూలలోంచి తీసి కట్టకి దూరంగా జరిపించాను, ఆ సలహా లేత్ ఆయనదే, దానికి పైసా తీసుకోలేదు.

ఇప్పుడు మూతి పైన జానెడు నీళ్లు మిగిలేదాకా గుంట దిగుతోంది. ముందు అడుగున్నర దగ్గరే ఆపేవాణ్ణి. ఆ తొమ్మిది అంగుళాలు ఎకరానికి దాదాపు తొమ్మిది లక్షల లీటర్లు, అదీ బ్లీచింగ్ ఖర్చు పెట్టిన నీళ్లు. జానెడు కంటే దిగితే సుడి మళ్లీ వస్తుంది, మంత్రమేం కాదు. అప్పుడు పైన ఒక చెక్క పలక తేలేస్తాం, సుడి విరిగిపోయి ఇంకాసేపు నడుస్తుంది.

స్టార్ కోసింది ఇనుముకి. ఉప్పునీళ్లని రెండుసార్లు చెప్పినా మామూలు ఇనుప రేకుతో చేసి పెయింటు కొట్టి ఇచ్చాడు, మూడో నెలకే అతుకుల దగ్గర తుప్పు పొరలు లేచాయి. పైగా వారమని చెప్పి పదిహేడు రోజులు తిప్పాడు. అడిగితే మాత్రం గొడవ పడకుండా అతుకులు మళ్లీ వేసిచ్చాడు. క్రీకు వైపు మోటారుకి రెండోది ఆర్డరిచ్చా, ఈసారి ఫైబర్‌తో. అక్కడ పాటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీళ్లు బాగా దిగిపోతాయి కాబట్టి నోరు ఎనిమిదంగుళాలు పెట్టమన్నా. అడ్వాన్సు వెయ్యి ఇచ్చి పది రోజులైంది, ఇంకా ఫోను రాలేదు.