వీణ రికార్డింగు కోసం అమర్చుకున్న కంప్యూటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

2022లో సికింద్రాబాద్‌లో విడిభాగాలు కొని అమర్చుకున్న కంప్యూటర్ మీదే మా ఇంటి రికార్డింగులన్నీ ఈనాటికీ జరుగుతున్నాయి. ముఖ్యంగా రికార్డు చేసేది అమ్మ వీణ. అప్పుడప్పుడు గాత్రం, వయొలిన్. ఇది ముందే చెప్పడం అవసరం. కీబోర్డు వాయిస్తూ సాఫ్ట్‌వేర్ వాద్యాలతో పాట కట్టేవారికి బలమైన యంత్రం కావాలి. మైకు పెట్టి అసలు వాద్యాన్ని పట్టుకునే మాలాంటి వారికి నోరెత్తని యంత్రం కావాలి. విడిభాగాలు ఎంచుకునే ముందు మీరు ఏ కోవకు చెందుతారో తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

వీణ గొంతు చిన్నది. మాది ఒకే పనస దుంగతో చేసిన బొబ్బిలి ఏకాండి వీణ. ఒక్కసారి మీటి, అదే నాదం మీద గమకం లాగుతూ పోతే ధ్వని సన్నబడుతూ సన్నబడుతూ చాలాసేపు నిలుస్తుంది. ఆ సన్నటి తోకలోనే రాగం ప్రాణం ఉంటుంది. మేము వాడే రోడ్ ఎన్‌టీ1-ఏ మైకు సొంత రొద 5 డెసిబెళ్లే కాబట్టి గదిలో ఏ చిన్న సడి ఉన్నా దాని చెవిన పడుతుంది. మీటు బలంగా ఉన్నంతసేపు కంప్యూటర్ ఫ్యాన్ మోత దాని చాటున దాగుతుంది, నాదం తగ్గేకొద్దీ పైకి తేలుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో రొద తీసేయవచ్చని అంటారు. తీయవచ్చు, కానీ రొదతో పాటు గమకం చివరి అంచు కూడా పోతుంది. నాకు అది సమ్మతం కాదు.

అందుకే ప్రాసెసర్‌గా ఇంటెల్ ఐ5-12400 తీసుకున్నాను. ఆరు కోర్లు, ఆరూ ఒకే రకం. గ్రాఫిక్స్ అందులోనే ఉంది కనుక వేరే కార్డు అక్కర్లేదు, దానితో వచ్చే ఫ్యాన్లూ అక్కర్లేదు. పాడేటప్పుడు, వాయించేటప్పుడు హెడ్‌ఫోన్‌లో తమ ధ్వని ఆలస్యంగా వినిపిస్తుందన్న భయంతో చాలామంది ఖరీదైన ప్రాసెసర్ కొంటారు. మైకును కంప్యూటర్‌కు కలిపే మా ఆడియో ఇంటర్‌ఫేస్ ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంది. అది నొక్కితే మైకు ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది. ఎఫెక్టులు కలిపి వినాలనుకుంటే బఫర్‌ను, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్కను, 128 శాంపిళ్లకు తగ్గిస్తాను. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 2.7 మిల్లీసెకన్లు. రానూ పోనూ కలిపి, ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం కూడా చేరి ఇంతకు మించే అవుతుంది, అయినా గాయకులకు ఇబ్బంది రాలేదు. రీపర్ సాఫ్ట్‌వేర్‌లో మిక్సింగ్‌కు కూడా ఈ ప్రాసెసర్ ఎన్నడూ చాలకపోలేదు.

ఇక వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ల సమీక్షలు చాలావరకు ఏసీ గదిలోనో చలి దేశాల్లోనో చేసినవి. గాలితో చల్లబడే ప్రాసెసర్ వేడి ఎప్పుడూ గది వేడి కంటే ఎక్కువే ఉంటుంది, గది వేడెక్కితే అదీ పెరుగుతుంది. మేలో రికార్డింగు అంటే ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రెండూ ఆపేయాలి. కాసేపట్లోనే గది కాగుతుంది, దానితో పాటు ప్రాసెసరూ కాగుతుంది, ఫ్యాన్ వేగం అందుకుంటుంది. కనుక మన ఎండలకు తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్, దానికి అవసరం కంటే పెద్ద కూలర్ సరైన జోడీ. మా కూలర్ నాక్టువా ఎన్‌హెచ్‌-యూ12ఎస్ ఖరీదు ఎక్కువే, కానీ ఈ మొత్తం యంత్రంలో నేను పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం చూపింది అదే. ఎత్తు 158 మిల్లీమీటర్లు. మీ కేబినెట్‌లో పడుతుందో లేదో కొలిచి కొనండి.

కొన్న తర్వాత కంప్యూటర్ మూల అమరికలుండే బయోస్‌లో ఫ్యాన్ వేగాన్ని తప్పక సరిచేసుకోవాలి. ప్రాసెసర్ వేడి 65 డిగ్రీల వరకు ఒకే తక్కువ వేగం, ఆ పైన మాత్రమే నెమ్మదిగా పెరిగేలా పెట్టాను. ఒకే తీరుగా ఉండే సన్నని మోతను చెవి మరచిపోతుంది; లేస్తూ పడుతూ ఉండే మోత మాత్రం శ్రుతి తప్పిన తంబూరాలా ప్రతిసారీ చెవిని లాగుతుంది. కేబినెట్‌లోకి గాలి వచ్చే జల్లెడలకు దుమ్ము పడితే ఈ అమరికంతా వృథా. అందుకే బ్రష్‌తో తరచూ దులుపుతాను.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) సీసోనిక్ ఫోకస్ జీఎక్స్-550. లోడు తక్కువగా ఉన్నంతసేపు దాని ఫ్యాన్ అసలు తిరగదు. ఈ ప్రాసెసర్ గరిష్ఠంగా వాడుకునేది 117 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు లేదు. రికార్డింగు వేళ ఆ ఫ్యాన్ తిరగడం నేను చూడలేదు.

నిల్వ గురించి దిగులు వద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రెండు మైకుల రికార్డింగు గంటకు సుమారు 1 జీబీ, అంటే సెకనుకు 0.3 ఎంబీ కూడా కాదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ దీనికి ఎంతో ఎక్కువ. ర్యామ్ 16 జీబీ సరిపోయింది. సాఫ్ట్‌వేర్ వాద్యాల కోసం పెద్ద శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసిన ధ్వనుల నిల్వలు) వాడేవారు 32 తీసుకోవాలి. బ్యాకప్ హార్డ్ డిస్క్‌ను మాత్రం రికార్డింగు ముగిశాకే తగిలించండి, అది తిరిగే చప్పుడు కూడా మైకుకు వినిపిస్తుంది.

మొదట్లో బాధపెట్టింది రికార్డింగు మధ్యలో అప్పుడప్పుడు వచ్చే టిక్కు టిక్కు శబ్దం. ఏ విడిభాగమూ చెడిపోలేదు. ఇలాంటి ఆటంకాలకు కారణం చూపే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ నడిపి చూస్తే వైఫై డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతోందని తేలింది. వైఫై ఆపేసి లాన్ వైరు పెట్టాక ఆ శబ్దం మళ్లీ రాలేదు. కొత్త యంత్రంలో టిక్కులు వస్తే ప్రాసెసర్ మార్చాలని ఎవరు చెప్పినా ముందు ఈ పరీక్ష చేయండి.

కరెంటు విషయానికి వస్తే, కంప్యూటర్, స్పీకర్లు, మానిటర్ అన్నీ సరైన ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకుంటే గుయ్యిమనే హమ్ చాలావరకు తగ్గుతుంది. ఇంటి ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం (లైను కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చేది) కాకపోతే, కరెంటు పోయినప్పుడు రికార్డింగు ఆపేయడమే మేలు. మేము యూపీఎస్‌ను ఫైలు భద్రపరచుకుని కంప్యూటర్ ఆపేంత వ్యవధి కోసమే వాడుతున్నాం.

కేబినెట్‌ను పక్క గదిలో పెట్టే వీలున్నవారు కూలర్ మీద నేను పెట్టినంత ఖర్చు పెట్టనక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 తీగ (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌కు కలిపేది) 5 మీటర్లు దాటకుండా చూసుకుని, గోడలో రంధ్రం చేయించుకుంటే చాలు. మాది అద్దె ఇల్లు.