ప్రభుత్వ బోధనాసుపత్రి మహిళా మెడికల్ వార్డు: ఎనిమిది రోజుల అనుభవం

మా అమ్మకు ఆయాసం, కాళ్ల వాపు ఎక్కువ కావడంతో గత వేసవిలో మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఎనిమిది రోజులు ఉంచవలసి వచ్చింది. తమవారిని అలాంటి చోటికి తీసుకువెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవారి కోసం అక్కడి మెడికల్ వార్డు గురించి, ముఖ్యంగా హౌస్ సర్జన్ల (ఎంబీబీఎస్ చదువు ముగించి ఇంటర్న్‌షిప్ చేస్తున్న కుర్ర డాక్టర్ల) గురించి రాస్తున్నాను.

వసతులు బాగాలేవు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉండవు, ఎకో పరీక్షకు (గుండె స్కానింగ్‌కు) రెండు రోజులు ఆగాము, రాత్రిపూట తోడున్నవారు నేల మీద చాప పరచుకోవాలి. మందులు మాత్రం దాదాపు అన్నీ ఉచితంగానే ఇచ్చారు.

అమ్మ గుండె జబ్బుకు రెండేళ్లుగా ల్యాసిక్స్ మాత్ర వాడుతోంది. ఒంట్లో చేరిన నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే ఆ మందు వేసుకున్న గంటలోపే పని మొదలుపెట్టి, సుమారు ఆరు గంటలు పనిచేస్తుంది. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు కేస్ షీట్ చూసి, "మందులు సరిగా వేసుకోకపోతే ఇలాగే అవుతుంది" అని మందలించి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. అమ్మ తల వంచుకుంది. ఆ రాత్రి పదకొండు దాటాక బీపీ చూడటానికి వచ్చిన హౌస్ సర్జన్ అమ్మాయి మంచం అంచున కూర్చుని, స్టెతస్కోపు బిళ్లను కాసేపు అరచేతిలో వెచ్చబరచి అమ్మ గుండె మీద పెట్టి విన్న తర్వాత, "పెద్దమ్మా, ఏయే రోజుల్లో మాత్ర మానేస్తావు?" అని నెమ్మదిగా అడిగింది.

"సంత రోజు వేసుకోను తల్లీ. అక్కడ ఆడవాళ్లు వెళ్లడానికి చాటు లేదు" అంది అమ్మ.

వారానికి మూడు సంతల్లో కూరగాయలు అమ్మే మనిషి, పొద్దుటి మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఎలా కూర్చోగలదు? కొడుకునై ఉండి నేను ఆ సంగతి ఏనాడూ అడగలేదు. మరునాడే ఆ అమ్మాయి పీజీ డాక్టరుతో మాట్లాడి, సంత రోజుల్లో ఇంటికి తిరిగి వచ్చాక మాత్ర వేసుకునేలా మార్పించింది.

అందరూ ఆమెలాగే ఉన్నారని చెప్పను. అమ్మ ముఖం కూడా చూడకుండా చేతికి సూది గుచ్చి వెళ్లిన కుర్రవాడూ ఉన్నాడు. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి వైఖరి, నైతికత, సంభాషణలను నేర్పే ఎట్‌కామ్ అనే విభాగం ఉంది; అది అవసరమే. అయితే నాలుగున్నరేళ్ల చదువు ముగించి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఆ అమ్మాయే రక్తం సీసాలు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తడం, స్ట్రెచర్ తోయడం, రాని రిపోర్టు కోసం వార్డంతా వినేలా తిట్లు తినడం చూశాను. సాయంత్రం నాలుగింటికి కూడా ఆమె టిఫిన్ డబ్బా మూత తీయకుండానే బల్ల మీద ఉంది. సీసాలు మోయడానికి ఇద్దరు మనుషులను అదనంగా పెట్టినా, రోగుల పక్కన కూర్చునే తీరిక ఈ పిల్లలకు దొరుకుతుంది.

ఆసుపత్రి యాజమాన్యం ముందుగా ఆ పని చేయాలని కోరుతున్నాను. వసతుల లోటు ఉన్నా, మళ్లీ అవసరమైతే అమ్మను అక్కడికే తీసుకువెళతాను.

డిశ్చార్జి రోజున ఆ అమ్మాయి చీటీ మీద మాత్ర పేరు పక్కన "సంత నుంచి వచ్చాక" అని తెలుగులో రాసి, అమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుంది. నెల తర్వాత ఓపీకి వెళ్లేసరికి ఆమె సర్జరీ విభాగానికి మారిపోయింది. ఆమె స్థానంలో ఉన్న కుర్ర డాక్టరు ఆ మాట చదివి, అర్థం కాక తలెత్తి చూశాడు. అమ్మే అతనికి సంత సంగతంతా వివరించింది. అతను పూర్తిగా విని, కొత్త చీటీ మీద కూడా అదే మాట రాశాడు.