ఎక్సెల్‌లో ఊరి పేరుతో వెతకాలంటే ఏ ఫార్ములా మేలు: వీలుకప్పా, ఇండెక్స్ మ్యాచా, ఎక్స్‌లుకప్పా?

మా హోల్‌సేల్ షాపు ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. జీఎస్టీలో ఒడిశా కోడు 21, ఆంధ్రది 37. ఒడిశాలోనే అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను). పాతపట్నం షాపులకు సరుకు పంపితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన అమ్మకాల పన్ను. అందుకే ఎక్సెల్‌లో ఊళ్ల జాబితా పెట్టుకుని, బిల్లులో ఊరి పేరు కొట్టగానే కోడు వచ్చేలా ఫార్ములా రాసుకున్నాం.

మొదట వాడింది వీలుకప్. చివర ఫాల్స్ అని రాయకపోతే అది అచ్చంగా అదే పేరు దొరకాలని పట్టుబట్టదు. ఒకరోజు మా కుర్రాడు ఇంగ్లీషులో పాతపట్నం కొడుతూ టీ పక్కన హెచ్ వదిలేశాడు. జాబితాలో ఆ స్పెల్లింగ్ లేదు. అక్షర క్రమంలో దానికి సరిగ్గా ముందున్నది పరలాఖెముండి, అంటే మా ఊరే. ఫార్ములా దాని 21నే తెచ్చి పెట్టింది. ఎర్రర్ చూపి ఉంటే అప్పుడే దిద్దుకునేవాళ్లం. నెలాఖరుకు లెక్కలు సరిచూస్తుంటే గానీ బయటపడలేదు, సరిచూసిన ఆ రెండు రోజులూ ఒకటే టెన్షన్.

ఫాల్స్ పెట్టినా ఇంకో చిక్కు ఉంది. మూడో కాలమ్ తెమ్మని అంకె వేస్తాం కదా, మధ్యలో ఫోన్ నంబర్ల కాలమ్ చేరిస్తే కోడుకు బదులు వేరే కాలమ్‌లోది తెస్తుంది. పేరుకు ఎడమ పక్కన ఉన్నదైతే అసలు తేలేదు.

ఇండెక్స్ మ్యాచ్‌కు ఈ రెండు ఇబ్బందులూ లేవు. అచ్చంగా అదే పేరు దొరకాలంటే మ్యాచ్ చివర సున్నా మాత్రం మరిచిపోకూడదు. రాయడం కాస్త పొడుగు, కొత్తవాళ్లకు నేర్పడానికి ఓపిక కావాలి. పాత ఎక్సెల్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం నేను దీన్నే వాడమంటాను.

ఎక్స్‌లుకప్ ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఏమీ చెప్పకపోయినా అచ్చంగా అదే పేరును వెతుకుతుంది. దొరక్కపోతే ‘ఊరు జాబితాలో లేదు’ అని మన మాటల్లోనే చూపించమనొచ్చు. ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. 2016, 2019లో లేదు. గూగుల్ షీట్స్‌లో ఉచితంగానే వస్తుంది. పేరులో సగం కొట్టి స్టార్ గుర్తుతో వెతకాలంటే మాత్రం దీనికి విడిగా 2 అని చెప్పాలి. ఫాల్స్ పెట్టిన వీలుకప్‌కు ఆ అవసరం లేదు.

ఇంగ్లీషులో చిన్న, పెద్ద అక్షరాల తేడాను మూడూ పట్టించుకోవు. పేరు చివర మిగిలిన స్పేస్‌ను మాత్రం మూడూ పట్టుకుంటాయి, దానికి అదనపు స్పేస్‌లను తీసేసే ట్రిమ్ ఫార్ములా వాడాలి. స్పెల్లింగ్ తేడాకు ఏ ఫార్ములా దగ్గరా మందు లేదు. మా ఊరినే ఒకరు పర్లాకిమిడి అని, ఇంకొకరు పరలాఖెముండి అని రాస్తారు. బరంపురం అనీ, బ్రహ్మపూర్ అనీ రాసే ఊరిదీ అదే కథ. అందుకే ఇప్పుడు బిల్లులో ఊరి పేరు కొట్టనివ్వడం లేదు, డ్రాప్‌డౌన్ జాబితాలోంచే ఎంచుకోమంటున్నాం.