బ్రాడీపేటలో మెడికల్ కోడింగ్ శిక్షణ: ప్లూరసీ పాఠం చూసి రాస్తున్న సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో నేను చేరిన మెడికల్ కోడింగ్ (రోగి రికార్డు చదివి రోగాలకు కోడ్లు వేసే పని) శిక్షణ సంస్థ బోధన ఎంత పకడ్బందీగా ఉంటుందో ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల పొర వాపు, పాఠం ఒక్కటి చూసినా తెలుస్తుంది.

శిక్షకురాలు ముందుగా కోడ్ పుస్తకం ముట్టనివ్వలేదు. పేరు కొట్టేసిన ఒక ఓపీ కేస్ షీటు చేతికిచ్చి, డాక్టరుగారు ఏం రాశారో, ఏం రాయలేదో చూడమన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు రోగికి గాలి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, స్టెతస్కోపులో పొరల రాపిడి శబ్దం ఉన్నాయి, ఎక్స్-రేలో నీరు లేదు. కనుక ఇక్కడ నేర్పే అమెరికా కోడ్లలో నీరు లేని ప్లూరసీకి వేసే ఆర్ 09.1. రెండోసారి నొప్పి, రాపిడి రెండూ తగ్గాయి గాని ఆయాసం పెరిగింది. తగ్గిపోయినట్టే కదా అని వెనుక బెంచీ నుంచి ఎవరో అన్నారు. పొరల మధ్య నీరు చేరి వాటిని ఎడం చేస్తే రాపిడి వినిపించదని, అప్పుడు ఆర్ 09.1 వదిలి, నీరు చేరినదానికి వేసే జె 90కి వెళ్లాలని ఆమె వివరించారు. ఆ నీటిలోని ప్రోటీన్ రక్తంలోని ప్రోటీన్‌లో సగానికి మించితే వాపు వల్ల ఊరిన నీరుగా అనుమానించాలన్న, లైట్ అనే డాక్టరు పేరిట ఉన్న ప్రమాణం 1972 నాటిదట. ఇలాంటి వివరాలు అడగకపోయినా చెప్తారు.

అసలు చిక్కు మూడో పేజీలో ఉంది. నీటి పరీక్షలో ఏడీఏ (క్షయ ఉంటే పెరిగే ఒక ఎంజైము) ఎక్కువగా వచ్చింది, డాక్టరుగారు ‘క్షయ కావచ్చు’ అని రాశారు. అమెరికా నియమాల ప్రకారం ఓపీ రోగికి అనుమానాన్ని కోడ్ చేయకూడదు కనుక, క్షయ అని ఆయన నిర్ధారించి రాసేదాకా క్షయ ప్లూరసీ కోడ్ ఎ 15.6 వేయడానికి వీల్లేదు. ల్యాబ్ రిపోర్టు చూసి కోడర్ సొంతంగా రోగం తేల్చకూడదు. గంటసేపు ఈ ఒక్క విషయమే నడిచింది, అంత సమయం పెట్టదగినదే.

లోపాలు లేకపోలేదు. అమెరికా కోడ్లు ఏటా అక్టోబరు 1న మారుతుంటే, ఇక్కడ చేతికిచ్చేవి పాత జిరాక్సులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల కోడ్ల జాబితా ఐసీడీ-10లో పరీక్షలతో రుజువు కాని క్షయ ప్లూరసీకి ఎ 16.5 అని వేరే కోడ్ ఉంది, అమెరికా ప్రతిలో అది లేదు. ఈ తేడా పాఠంలో రానే లేదు. గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లోనే పని చూసుకోదలచినవారు దీన్ని అడిగి చెప్పించుకోవాలి.

ఈ శిక్షకురాలు ఉదయం బ్యాచ్‌కే వస్తారు. సాయంత్రం బ్యాచ్‌లో స్లయిడ్లు చదివి వినిపిస్తారు కాబట్టి, ఫీజు కట్టేముందు ఏ బ్యాచో ఖాయం చేసుకోండి.